స్నీకర్ రీసేల్: కువైట్ పెట్టె నుంచి బాట్ల దాకా ఎలా మారింది? కర్నూలు, కడప కుర్రాళ్లకు అసలు లెక్క

2014 సెప్టెంబర్ 2న ఫ్లిప్‌కార్ట్‌లో రెడ్‌మీ 1ఎస్ మొదటి సేల్ జరిగింది. ధర రూ. 5,999. 40,000 ఫోన్లు 4.2 సెకన్లలో అయిపోయాయి. అప్పట్లో ఫ్లాష్ సేల్‌లో ఫోన్ దొరకనివాళ్లు ఏం చేసేవాళ్లో మీ అన్నలను అడగండి. ఓఎల్‌ఎక్స్ తెరిచి, అదే ఫోన్‌ను సీల్ తీయకుండా అమ్ముతున్నవాళ్ల దగ్గర కాస్త ఎక్కువ పెట్టి కొనేవాళ్లు. ఆ ఎక్కువ డబ్బు ర్యామ్‌కో, కెమెరాకో ఇచ్చింది కాదు. 4.2 సెకన్లలో బటన్ నొక్కగలిగినవాడికి ఇచ్చిన కూలీ అది.

స్నీకర్ రీసేల్ కూడా ఇదే. కంపెనీ తక్కువ జతలు వదులుతుంది, దాన్ని 'డ్రాప్' అంటారు. దొరికినవాడు బాక్స్ ధరకు కొంటాడు, దొరకనివాడికి ఎక్కువకు అమ్ముతాడు. ఫోన్ల సైట్‌లో బూట్ల గోల ఎందుకు అంటారేమో. గత పదేళ్లలో ఈ వ్యాపారాన్ని మార్చింది టెక్నాలజీయే. యాప్‌లు, బాట్లు, లైవ్ ధరల గ్రాఫ్‌లు, ఏఐతో నకిలీల పరీక్ష, అన్నీ ఇందులో ఉన్నాయి. పైగా మన కర్నూలు, కడప వైపు ఇంజినీరింగ్ పిల్లలు చాలామంది ఇన్‌స్టాలో ఈ జతలను చూసి "ఒకటి కొని పెట్టుకుంటే రేటు పెరుగుతుంది కదా" అనుకుంటున్నారు. కొనే ముందు ఆ రేటు ఎక్కడి నుంచి వస్తుందో తెలియాలి.

దూరం అమ్ముకున్న రోజులు

మన వైపు దీనికి ఒక పాత రూపం ఉంది. ఉమ్మడి కడప జిల్లాలో రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచి కువైట్‌కు పనికి వెళ్లినవాళ్లు వేల మంది. సెలవుల మీద వచ్చినప్పుడు వాళ్ల పెట్టెల్లో సెంటు బుడ్లు, దుప్పట్లు, ఫోన్లు, బూట్లు వచ్చేవి. కొన్ని ఇంట్లోవాళ్లకు, కొన్ని తెలిసినవాళ్లకు. "అబ్బీ, ఈ బూట్లు యాడివి?" అని అడిగితే "కువైట్‌వి" అనేవాళ్లు. అదే బ్రాండ్, అదే గ్యారంటీ. ఊళ్లో దొరకని వస్తువుకు ఊళ్లో ధర ఎక్కువ. ఇక్కడ అమ్ముడుపోయింది దూరమే.

అమెరికాలో కథ వేరేగా మొదలైంది. 1984లో నైకీ మైకేల్ జోర్డాన్‌తో ఒప్పందం చేసుకుంది. 1985లో ఎయిర్ జోర్డాన్ 1 షాపుల్లోకి వచ్చింది, ధర 65 డాలర్లు. మొదటి ఏడాదే 12.6 కోట్ల డాలర్ల అమ్మకాలు. 1986లో రన్-డీఎంసీ అనే ర్యాప్ బృందం అడిడాస్ బూట్ల మీద పాట చేసి, ఆ కంపెనీతో పది లక్షల డాలర్ల ఒప్పందం కుదుర్చుకుంది. ఆటగాడి బూటు, పాటగాడి బూటు అయ్యాక అది వీధిలో హోదా అయిపోయింది.

ఇక్కడ ఒక విషయం చాలామంది దాటేస్తారు. ఆ మొదటి జోర్డాన్లను నైకీ విపరీతంగా తయారు చేసింది. కొన్నాళ్లకే మిగిలిన స్టాక్‌ను షాపులు డిస్కౌంట్‌లో వదిలించుకున్నాయి. 1994లో అదే డిజైన్‌ను మళ్లీ తెచ్చినప్పుడు కూడా సరిగా పోలేదు, మళ్లీ డిస్కౌంటే. ఇవాళ కలెక్టర్లు కళ్లకద్దుకునే జత అది. పాతదైనంత మాత్రాన విలువ రాదు, పేరున్నంత మాత్రాన వెంటనే రాదు. షాపులో కుప్పలు ఉన్నంతకాలం జోర్డాన్ పేరు కూడా కాపాడలేదు.

క్యూలో నిలబడ్డవాడిదే జత

తక్కువ తయారుచేస్తే ఎక్కువ గోల జరుగుతుందని కంపెనీలకు నేర్పిన రోజు 2005 ఫిబ్రవరి 22. న్యూయార్క్‌లో జెఫ్ స్టేపుల్ అనే డిజైనర్ తన చిన్న షాపు రీడ్ స్పేస్‌లో నైకీ డంక్ ఎస్‌బీ 'పిజన్' అమ్మకానికి పెట్టాడు. మొత్తం తయారైనవి 150 జతలే. చలిలో రోజుల తరబడి క్యూ కట్టారు. గుంపు ముదిరి పోలీసులు రావాల్సి వచ్చింది. మర్నాడు ఆ వార్త అక్కడి పేపర్ మొదటి పేజీలో పడింది. మన దగ్గర సినిమా బెనిఫిట్ షోకు బ్లాక్‌లో టికెట్ అమ్మేవాడికి ఈ సంగతి ముందే తెలుసు, అది వేరే మాట.

అప్పటికి ఆస్తి అంటే టైమ్. రెండు రాత్రులు ఫుట్‌పాత్ మీద పడుకోగలిగినవాడికే జత దొరికేది. అదే ఏడాది న్యూయార్క్‌లోనే ఫ్లైట్ క్లబ్ మొదలైంది. నీ జత తెచ్చి మా షెల్ఫ్‌లో పెట్టు, అమ్ముడైతే మా కమిషన్ పోను డబ్బు నీది. రీసేల్‌కు ఒక షాపు, ఒక షెల్ఫ్, ఒక ధర చీటీ వచ్చాయి.

జొన్నగిరికి లేని ధరల బోర్డు

కర్నూలు జిల్లా తుగ్గలి మండలం జొన్నగిరి గురించి మీకు చెప్పక్కర్లేదు. తొలకరి వాన పడగానే చేలల్లో వజ్రాల వేట. ఎవరికో రాయి దొరుకుతుంది, వ్యాపారులు గుట్టుగా వచ్చి బేరమాడతారు, ఊరంతా ఒక్కో రేటు చెప్పుకుంటుంది. దొరికినవాడికి అసలు ధర ఎంతో తెలియదు, కొనేవాడికి బాగా తెలుసు. లాభమంతా ఆ తేడాలోనే ఉంది.

2010ల మొదట్లో స్నీకర్ బజారు కూడా అచ్చం ఇలాగే ఉండేది. జోష్ లూబర్ అనే అతను ఈబేలో జరిగిన అమ్మకాల డేటా తీసి, ఏ జత నిజంగా ఎంతకు పోయిందో చూపించే 'క్యాంప్‌లెస్' అనే సైట్ పెట్టాడు. అదే తర్వాత డెట్రాయిట్‌లో స్టాక్‌ఎక్స్ అయింది, 2016 ఫిబ్రవరిలో జనం ముందుకు వచ్చింది. అందులో పద్ధతి షేర్ మార్కెట్‌దే. కొనేవాడు 'ఇంతకు కొంటా' అని బిడ్ పెడతాడు, అమ్మేవాడు 'ఇంతకైతే ఇస్తా' అని ఆస్క్ పెడతాడు. రెండూ కలిస్తే డీల్. బూటు ముందు కంపెనీ పరీక్ష కేంద్రానికి వెళ్తుంది, అక్కడ పాసైతేనే కొన్నవాడికి చేరుతుంది. ప్రతి సైజుకు వేరే ధర, పాత అమ్మకాల గ్రాఫ్ అంతా ఫోన్‌లో.

నా దృష్టిలో ఈ కథలో అన్నిటికన్నా పెద్ద మలుపు ఇదే. ధర గుట్టు విడిపోయింది, అది మంచిదే. కానీ గ్రాఫ్ కనబడగానే బూటు ఇష్టం లేనివాడు కూడా వచ్చాడు. వేసుకోవడానికి కొనేవాడు తగ్గి, పెట్టుకోవడానికి కొనేవాడు పెరిగాడు. గ్యాడ్జెట్లు కూడా ఆ బోర్డెక్కాయి. 2020లో పీఎస్5, గ్రాఫిక్స్ కార్డులు స్టాక్‌ఎక్స్‌లో బాక్స్ ధర మీద భారీగా పోయాయి. 2022 జూన్‌లో నథింగ్ ఫోన్ (1) మొదటి 100 యూనిట్లను కంపెనీయే అక్కడ వేలానికి పెట్టింది. మొదటి నంబర్ యూనిట్‌కు 3,000 డాలర్లు దాటి బిడ్ వచ్చింది. ఆ 100 ఫోన్లకు, తర్వాత షాపులో వచ్చిన ఫోన్లకు తేడా వెనక చెక్కిన నంబర్ ఒక్కటే.

వేలి వేగం నుంచి బాట్ వేగానికి

క్యూలో గొడవలు ఎక్కువై కంపెనీలు డ్రాప్‌లను యాప్‌లోకి మార్చాయి. నైకీ ఎస్‌ఎన్‌కేఆర్‌ఎస్ యాప్ 2015లో వచ్చింది. ఊరు ఏదైనా అందరికీ సమాన అవకాశం అనుకున్నారు. బాట్లు వచ్చి ఆ మాటను నీళ్లలో కలిపాయి.

బాట్ అంటే పెద్ద మాయ కాదు. మీరు పేజీ తెరిచి, సైజు ఎంచుకుని, అడ్రస్, కార్డు వివరాలు నింపి, ఆర్డర్ నొక్కడానికి 20 సెకన్లు పడితే, ఆ ప్రోగ్రామ్ అదే పని నేరుగా సర్వర్‌కు రిక్వెస్టులు పంపి సెకను లోపు ముగిస్తుంది. ఒకే చోట నుంచి వందల ఆర్డర్లు వస్తే సైట్ పట్టేస్తుంది కాబట్టి, ప్రాక్సీల ద్వారా ఒక్కో ఆర్డర్‌ను ఒక్కో ఐపీ అడ్రస్ నుంచి వచ్చినట్టు చూపిస్తుంది. క్యాప్చా వస్తే దాన్ని విప్పే సర్వీసు వేరే ఉంటుంది. పేరున్న బాట్ల కాపీలు కూడా పరిమితంగానే అమ్మేవాళ్లు, దాంతో బాట్లకే రీసేల్ మొదలైంది! దీనికి విరుగుడుగా కంపెనీలు 'డ్రా' పద్ధతి తెచ్చాయి. కొన్ని నిమిషాల్లో ఎప్పుడు ఎంట్రీ వేసినా లాటరీలో ఒకటే విలువ, వేగానికి లాభం లేదు. అయినా ఒక్కడే వందల అకౌంట్లు తెరిస్తే లాటరీ కూడా వాడి వైపే మొగ్గుతుంది.

2021 మార్చిలో నైకీ ఉత్తర అమెరికా జనరల్ మేనేజర్ ఆన్ హీబర్ట్ రాజీనామా చేసింది. ఆమె కొడుకే పెద్ద ఎత్తున రీసేల్ వ్యాపారం నడుపుతున్నాడని, బాట్లతో కొన్న జతలకు వాడిన కార్డు ఆమె పేరు మీద ఉందని బ్లూమ్‌బెర్గ్ రాసిన కొద్ది రోజులకే ఇది జరిగింది. కర్నూలు హాస్టల్ గదిలో వైఫై మీద రిఫ్రెష్ కొడుతున్న కుర్రాడు ఎవరితో పోటీ పడుతున్నాడో అర్థమైంది కదా.

మన దేశంలో ఈ సరుకు అధికారికంగా దొరికే దారులు కూడా ఆలస్యంగా వచ్చాయి. ఢిల్లీలో వెజ్‌నాన్‌వెజ్ 2016లో, ముంబైలో సూపర్‌కిక్స్ 2018లో మొదలయ్యాయి. రాయలసీమ నుంచి చూస్తే దగ్గరి పెద్ద బజార్లు హైదరాబాద్, బెంగళూరు. అంటే బాట్లతో పాటు దూరం కూడా మనకు ఇంకా మిగిలే ఉంది. ఆ ఖాళీలోకి ఇన్‌స్టా రీసెల్లర్ వచ్చి కూర్చున్నాడు.

2022: లారీలు దిగాయి

లాక్‌డౌన్‌లో ఈ బజారు తారస్థాయికి వెళ్లింది. ఇంట్లో కూర్చున్న జనం, 2020లో జోర్డాన్ మీద వచ్చిన 'ది లాస్ట్ డ్యాన్స్' సిరీస్, చేతిలో అమెరికా ప్రభుత్వం వేసిన డబ్బులు. 2021 ఏప్రిల్‌లో స్టాక్‌ఎక్స్ విలువ 380 కోట్ల డాలర్లని లెక్కగట్టారు. ఆ ఏడాది మార్చిలో వచ్చిన తెలుపు-నలుపు డంక్ లో, అందరూ 'పాండా' అనే జత, బాక్స్ ధర 100 డాలర్లయితే బయట దానికి రెండు మూడింతలు పలికింది.

కర్నూలు మార్కెట్ యార్డుకు ఉల్లి తెచ్చే రైతు ఇంట్లో పుట్టినవాడికి తర్వాత ఏం జరిగిందో చెప్పనక్కర్లేదు. పోయిన ఏడు రేటు బాగుంది కదా అని అందరూ అదే వేస్తారు, లారీలన్నీ ఒకేసారి దిగుతాయి. నైకీ పాండాను మళ్లీ మళ్లీ వదిలింది. 2022 ఆగస్టుతో ముగిసిన మూడు నెలల లెక్కల్లో ఉత్తర అమెరికాలో నైకీ నిల్వలు అంతకు ముందు ఏడాది కంటే 65 శాతం ఎక్కువ ఉన్నాయి. కాలేజీ గేటు దగ్గర ప్రతి మూడో కాలికి పాండా కనబడేసరికి రీసేల్ ధర బాక్స్ ధర దగ్గరికి దిగింది. 2022 అక్టోబర్‌లో అడిడాస్, కాన్యే వెస్ట్‌తో యీజీ ఒప్పందం తెంచుకుంది. 'ఇక రావు కాబట్టి రేటు ఆకాశానికి' అని దాచుకున్నవాళ్లు ఉన్నారు. కానీ గోడౌన్‌లో మిగిలిన వాటిని అడిడాస్ 2023 మే నుంచి విడతలుగా అమ్మేసింది.

ఫోన్లలో జరిగింది కూడా ఇదే. 2015 ఆగస్టులో షావోమీ మన శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ ప్లాంట్‌లో రెడ్‌మీ 2 ప్రైమ్ తయారీ మొదలుపెట్టింది. తయారీ పెరిగి, ఊళ్లో షాపుల దాకా స్టాక్ చేరిన కొద్దీ ఓఎల్‌ఎక్స్ మీద ఆ అదనపు ధర కరిగిపోయింది. తమాషా ఏమిటంటే, అదే శ్రీసిటీకి ఆనుకుని తడ దగ్గర అపాచీ కంపెనీ ఏళ్లుగా అడిడాస్‌కు బూట్లు తయారు చేస్తోంది. 2020 డిసెంబర్‌లో పులివెందులలో కూడా ఆ గ్రూప్ యూనిట్‌కు శంకుస్థాపన జరిగింది. బూటు తయారీ మన గడప దాకా వచ్చింది, దాని ధర మాత్రం డెట్రాయిట్ గ్రాఫ్‌లో తేలుతోంది.

ఇప్పుడు మన లెక్క వేద్దాం. బాక్స్ ధర రూ. 9,000 ఉన్న జతను రీసెల్లర్ దగ్గర రూ. 14,000కు కొన్నారు అనుకుందాం. డబ్బు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారు. అయిదు నెలలు ఆగారు. రేటు నిజంగానే పెరిగి రూ. 15,000కు అమ్ముడైంది. అమ్మిపెట్టినవాడి కమిషన్ 10 శాతం, అంటే రూ. 1,500. కొరియర్ రూ. 300. చేతికి వచ్చింది రూ. 13,200. వడ్డీ నెలకు రూ. 280 చొప్పున రూ. 1,400, కలిపితే మీ ఖర్చు రూ. 15,400. రేటు వెయ్యి పెరిగింది, మీకు రూ. 2,200 పోయింది. ఇన్‌స్టా రీల్‌లో '14కు కొని 15కు అమ్మా' అనే చెబుతారు, మిగతా లైన్లు చెప్పరు. రేటు పడితే సంగతి ఇక అనవసరం. ఇంకో మాట, సైజు. మన దగ్గర ఎక్కువగా తిరిగేది యూకే 7 నుంచి 10 మధ్య. చవగ్గా వస్తోందని యూకే 12 కొంటే గ్రాఫ్ ఎంత పైకి పోయినా కొనేవాడు దొరకడు.

ఈ లెక్కలో నిలబడేది బాక్స్ ధరకు కొన్నవాడొక్కడే. డ్రాలో దొరికితే తీసుకోండి, నచ్చితే వేసుకోండి. రీసేల్ ధరకు కొని మళ్లీ రీసేల్ చేద్దామనే ప్లాన్‌ను నేనైతే ఎవరికీ చెప్పను.

ఇప్పుడు అమ్ముతున్నది నమ్మకం

ప్రొద్దుటూరు బంగారం బజారులో గీటురాయి మీద గీసి చూసేవాళ్లు, ఇప్పుడు హాల్‌మార్క్‌తో పాటు ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ ఉంది, యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. బూటుకు అలాంటి అందరికీ ఒప్పైన నంబర్ లేదు. చైనాలోని పుటియన్ నగరం నకిలీ స్నీకర్లకు పేరు పడింది. అక్కడి సరుకు మన దగ్గర 'ఫస్ట్ కాపీ' పేరుతో తిరుగుతుంది. తెలిసి కొన్నవాడి సంగతి వాడిష్టం. దాన్నే ఒరిజినల్ అని అంటగట్టడం 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం కింద నేరం, ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, జరిమానా ఉన్నాయి.

బాక్స్ మీద స్టైల్ కోడ్ ఉంటుంది, పాండా డంక్‌కు డీడీ1391-100 లాగా. అదే కోడ్ బూటు నాలుక లోపలి లేబుల్ మీద కూడా ఉండాలి. సైజు, తయారీ దేశం కూడా కలవాలి. కలవకపోతే నకిలీయే. కలిసినంత మాత్రాన ఒరిజినల్ అని మాత్రం కాదు, కోడ్‌ను కాపీ కొట్టడం నిమిషం పని. అందుకే పరీక్ష చేసేవాళ్లు కుట్ల మధ్య దూరం, జిగురు వాసన, అతినీలలోహిత కాంతిలో కనబడే గుర్తులు చూస్తారు. ఫోటోలు తీసి ఏఐతో పోల్చే సర్వీసులు కూడా వచ్చాయి. అంత చేసినా తప్పులు జరుగుతాయి. నైకీ 2022లో స్టాక్‌ఎక్స్ మీద కేసు వేసింది. ఆ సైట్ పరీక్షలో పాసై అమ్ముడైన 37 నకిలీ జతలకు కంపెనీదే బాధ్యత అని అమెరికా కోర్టు 2025 మార్చిలో తేల్చింది. అంత పెద్ద సంస్థకే ఇలా ఉంటే, డీఎంలో నాలుగు ఫోటోలు చూసి తేల్చేయగలమా?

మన వైపు మోసం మాత్రం ఇంత టెక్నికల్‌గా ఉండదు. సంభాషణ ఇలా నడుస్తుంది:

"అన్నా, జోర్డాన్ యూకే 9 ఉండాదా?"

"ఉందప్పా, ఒక్క పెయిరే. సగం కొట్టు, రేపే పంపిస్తా."

"వీడియో కాల్‌లో చూపిస్తావా అన్నా?"

"గోడౌన్‌లో ఉండాది తమ్ముడూ. నమ్మకం లేకపోతే ఒదిలేయ్, ఇంకొకడు అడుగుతాండాడు."

ఆ చివరి మాట వినబడగానే ఆగిపోండి. జత నిజంగా ఉన్నవాడికి వీడియో కాల్ రెండు నిమిషాల పని. బూటు పక్కన కాగితం మీద ఆ రోజు తేదీ, మీ పేరు రాసి లేబుల్ దగ్గరగా చూపించమనండి. మొదట కొన్న షాపు బిల్లు అడగండి. డబ్బు మధ్యలో ఆపి, సరుకు చేరాకే అమ్మినవాడికి ఇచ్చే ప్లాట్‌ఫామ్ మీద కొంటే ఇంకా మేలు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో చదివే దోస్తు ఉంటే షాపుకు పంపి చూడమనండి. డబ్బు ఇప్పటికే పోయి ఉంటే సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే 1930కు ఫోన్ చేయండి. ఎంత తొందరగా చెబితే అవతలి ఖాతాలో డబ్బును ఆపే అవకాశం అంత ఎక్కువ.

దాచిన బూటు కూడా ముసలిదవుతుంది

2023 జూలైలో సీల్ తీయని 4 జీబీ మొదటి ఐఫోన్ వేలంలో 1.9 లక్షల డాలర్లు దాటింది. అది చూసి 'బూటు కూడా అలా దాస్తా' అనుకునేవాళ్లకు కెమిస్ట్రీ అడ్డం వస్తుంది. జోర్డాన్ 3, 4 లాంటి వాటిలో మధ్య సోల్ పాలీయురెథేన్‌తో చేస్తారు. గాలిలో తేమ ఆ పదార్థపు బంధాలను నెమ్మదిగా తెంచుతుంది, దీన్ని హైడ్రాలసిస్ అంటారు. పది పదిహేనేళ్లు పెట్టెలో ఉంచి బయటికి తీసి వేసుకుంటే, నాలుగు అడుగులకే సోల్ బిస్కెట్‌లా పొడి అవుతుంది. ఒక్కసారీ వేసుకోకపోయినా సరే. జోర్డాన్ 1, డంక్ లాంటి రబ్బరు కప్ సోల్ జతలకు ఈ బెడద తక్కువ.

సముద్రం ఒడ్డున ఉన్న విశాఖ కంటే మన పొడి గాలి ఈ విషయంలో కొంత నయం. కానీ మన ఎండ ఇంకో రకంగా దెబ్బ తీస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో రేకుల గదిలోనో, పై అంతస్తు అటక మీదో పెట్టిన పెట్టెలో జిగురు ఎండి సోల్ అంచు ఊడుతుంది, తెల్ల రబ్బరు పసుపు తిరుగుతుంది. కింది గదిలో, గోడకు ఆనించకుండా, వెలుతురు పడనిచోట పెట్టండి. సిలికా జెల్ ప్యాకెట్లు అయిదారు కుక్కకండి, మన దగ్గర ఒకటి చాలు, వానాకాలంలో ఇంకొకటి. నెలకో రెండు నెలలకో ఒకసారి వేసుకుని కాసేపు నడిస్తే సోల్‌లోని తేమ ఒకే చోట నిలవకుండా ఉంటుంది. కొన్న బిల్లును ఫోటో తీసి డ్రైవ్‌లో పెట్టి, లేబుల్ మీద ఉన్న తయారీ తేదీని పెట్టె మూత లోపలి వైపు పెన్నుతో రాసుకోండి.